ఉప్పలమ్మ ఎనకడుగు

హాలియా దిక్కు ఉప్పలమ్మ ముఠా నాట్లకు వచ్చిందంటే ఆసామికి ఇగ రంది లేనట్టే. ముఠా ఎంత గట్టిదో ముఠాపెద్ద నోరు గంతకన్న గట్టిది. ఆ నోటికి జోడీ సుమతి. కాపురానికొచ్చిన కాన్నుంచి ఇద్దరూ పక్కపక్కనే మునుం పట్టి నాట్లేసిన్రు. సుమతి నాటిన వరస ఎప్పుడూ వంకర పోయేది. ఉప్పలమ్మ తిట్టేది. సుమతి పకపక నవ్వేది.

పోయిన ఎండాకాలం సుమతి గుండె ఆగి సచ్చిపోయింది. ఉప్పలమ్మ తిట్ల నోరు మూగబోయింది. వానకాలం నాట్లల్ల మడిల కాలు పెట్టిందో లేదో, ఎడమపక్క ఖాళీ సూసి గుండె దడదడ కొట్టుకున్నది. ఒడ్డెక్కి కూసున్నది, మళ్ల దిగలే. యాసంగి నాట్లు దగ్గరవడ్డయి. "నువ్వు దిగకుంటే ముఠా ఇడిపోతదక్కా" అని ఆడోళ్లు మొత్తుకున్నరు. "ఇడిపోనీయ్" అన్నది.

సుమతి బిడ్డ వందన మిర్యాలగూడల బట్టల దుకాణంల పని చేస్తది. తల్లి పోయిన కాన్నుంచి దానికీ కంటి మీద కునుకు లేదు.

"పెద్దమ్మా, సాగర్ కాడ బుద్ధుని ధ్యానం నేర్పుతున్నరంట. చెట్ల కింద కూసుంటే మనసు నిమ్మళమైతదంట, పోదాం పా."

"కూసునుడు నేర్సుకునేతందుకు బస్సెక్కి పోవాల్నానే?" అన్నది గానీ, పిల్ల మొఖం సూసి సంచి సదిరింది.

గాడ మాట్లాడొద్దంట. గిదేం గోస తల్లీ! కండ్లు మూసుకొని ఊపిరి సూడుమంటే సుమతి కనవడ్డది. ఉప్పలమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్సింది.

ఒకనాడు పొద్దుగాల కాషాయం కట్టుకున్న గురువు అందరినీ చెట్ల కింద నిలవెట్టి, ప్రతి అడుగు తెలుసుకుంట మెల్లగ నడువుమన్నడు. అందరూ ముందుకు కదిలిన్రు. ఉప్పలమ్మ కాళ్లకు మెల్లగ నడుసుడంటే ఒక్కటే తెలుసు. నాట్లేసినట్టే నడుం వంచి, అడుగడుగూ ఎనకకే వోయి ఆడ నిలవడ్డ గురువుకే తాకింది.

"అయ్యో దేవుడా!" అన్నది ఉప్పలమ్మ.

వందన నవ్వు ఆపుకుంట నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నది. గురువు మాత్రం నవ్వి, "మీకు అలవాటైన తీరే నడువుండ్రమ్మా" అన్నడు.

ఉప్పలమ్మ ఎనకకే నడిసింది. దాటొచ్చిన నేలంత కండ్ల ముంగటే ఉన్నది. మడిల గూడ గంతే గద! నాటిన పచ్చదనమంత ముంగటే ఉంటది. సుమతితోని గడిసిన బతుకంత గట్లనే ముంగట వరుసలుగ అగుపడ్డది. ఎంత చక్కటి బతుకది! మళ్ల ఏడ్సింది గానీ, ఈసారి గుండె దడ పుట్టలే.

యాసంగి వచ్చింది. సెలవు పెట్టి వచ్చిన వందన ఒడ్డు మీద నిలవడి సూస్తాంది. ఉప్పలమ్మ మడిల దిగింది. ఎడమపక్క గదే ఖాళీ.

"వందనా, దిగు. గీడ నిలవడు."

"నాకు రాదు పెద్దమ్మా."

"మీ అమ్మకు పుట్టంగనే వచ్చిందా? దిగవే, నేనున్న గద!"

వందన చీరె ఎగజెక్కి దిగింది. జరసేపటికి ఉప్పలమ్మ తలెత్తి పక్క వరస సూసింది. ఇన్ని నెలలకు మళ్ల ఆ తిట్ల నోరు తెరిసి, మడంత ఇనవడేటట్టు అరిసింది.

"ఓసి నీ పాడుగాను! గా వంకర సూడే, అచ్చం మీ అమ్మ తీరే!"

వందన పకపక నవ్వింది.