పళ్ళు పీకని డాక్టరమ్మ

మదనపల్లె బస్టాండు వెనక సందులో, ఒక సైకిల్ షాపు మేడ మీద డాక్టర్ చౌడమ్మ ఆసుపత్రి ఉండేది. బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరు, "చౌడమ్మ అంటే మరీ పల్లెటూరి పేరు మాదిరి ఉండాదమ్మా. కొంచెం మార్చి రాసేదా?" అని అడిగాడు.

"మా ఊరి అమ్మవారి పేరప్పా అది. అట్లే రాయి" అందామె.

పేరు కింద "చిగుళ్ళ వైద్య నిపుణురాలు" అని రాయించింది. 1993లో ఆ మాట చదివి మెట్లెక్కినవాళ్ళు తక్కువ. చిగుళ్ళకు కూడా ఒక డాక్టరు ఉంటారా అని కింద సైకిల్ షాపులో నవ్వుకునేవాళ్ళు.

సదుం దగ్గర పల్లెలో వేరుశనగ పండించే రైతుల బిడ్డ ఆమె. ఊరి బళ్ళో అక్షరాలు దిద్ది, బెంగుళూరు దాకా పోయి పళ్ళ డాక్టరీ చదివింది. పై చదువుకు ఏ విభాగం కావాలని అడిగితే చిగుళ్ళు అంది. కారణం ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మ మారెమ్మకు నలభై దాటకముందే పళ్ళన్నీ రాలిపోయాయి. ఒక్కటీ పుచ్చిన పన్ను కాదు, అన్నీ పట్టు తప్పి పోయినవే. శనక్కాయ చెట్లు పీకిన రోజు ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఉడకబెట్టిన కాయలు ఒలుచుకు తింటుంటే, ఆ తల్లి మాత్రం తన వంతు రోట్లో మెత్తగా నూరుకొని సంగటిలో కలుపుకొనేది. ఆ రోటి చప్పుడు చౌడమ్మ చెవుల్లో ఉండిపోయింది.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో పన్ను కదిలితే పీకించుకోవడమే ఎరుగుదురు. "పీకెయ్ తల్లీ, బస్సుకు టైమైతాది" అంటూ వచ్చినవాళ్ళకు ఆమె పంటి గార గీకి, బ్రష్ ఎలా పట్టాలో తన చేత్తో చూపించి, మళ్ళా రమ్మని పంపేది.

"పీకమంటే పీకదప్పా. పాచి గీకుతాది" అని బస్టాండులో చెప్పుకున్నారు. పళ్ళు పీకని డాక్టరమ్మ అన్న పేరు అట్లా ఎగతాళిగానే మొదలైంది.

ఆమె ఎవరినీ కసరలేదు. తంబళ్లపల్లె బస్సు పెందలాడే పోతుందని ఆ వైపు వాళ్ళను ముందు పిలిచేది. కొన్నాళ్ళకు మదనపల్లె వాళ్ళే, "తంబళ్లపల్లె వాళ్ళుంటే ముందు పోండప్పా" అని లేచి దారి ఇవ్వడం నేర్చుకున్నారు. సూది చూసి వణికే ముసలమ్మల చెయ్యి పట్టుకొని, "ఏ దేవునికి మొక్కుకుంటావు అవ్వా?" అని అడిగి, ఆ దేవుణ్ణే తానూ తలుచుకొని పని మొదలుపెట్టేది. నెలకొకసారి కుప్పం పోయి, ఒక సత్రం వరండాలో కుర్చీ వేసుకొని ఉచితంగా చూసి వచ్చేది.

1998 కార్తీకంలో పుంగనూరు నుంచి సుబ్బరాయుడు అనే ఆయన వచ్చాడు. వెంట భార్య పాపక్క. కుర్చీలో కూర్చోకముందే ఆయన, "ముందర పళ్ళు పీకెయ్యమ్మా" అన్నాడు.

"యాలన్నా, నొప్పా?"

"నొప్పేం లేదు."

"నొప్పి లేకుండా పీకించుకునేది ఏం మొక్కన్నా?"

సుబ్బరాయుడు తల దించుకున్నాడు. పాపక్క ముందుకు జరిగింది. "ఈయప్ప నోరు ఊదేదానికే గానీ మాట్లాడేదానికి తెరవడమ్మా. నేను చెప్తా విను."

సుబ్బరాయుడిది నాదస్వరం ఊదే ఇల్లు. తాత నాటి నుంచి పుంగనూరులో అమ్మవారి గుడి మేలుకొలుపు వాళ్ళదే. వేసవిలో కుప్పం గంగమ్మ జాతరకు కూడా వాళ్ళ మేళమే పోతుంది. ఏడాదిగా ఊదడం అయ్యాక, నాదస్వరం కొనన నోట పెట్టుకునే పీక తుడిస్తే తెల్ల తువ్వాలుకు ఎర్రగా అంటుతోంది. అమ్మవారి ఎదుట నెత్తురు నోటితో ఊదడం అపచారమని ఆయన దిగులు. పూజారికి చెప్పలేక, జ్వరమని పక్షం రోజులుగా ఇంట్లో కూర్చున్నాడు.

"పళ్ళు పోతే ఊదేదానికి అయితాదా?" అని అడిగింది చౌడమ్మ.

"కాదమ్మా" అన్నాడు సుబ్బరాయుడు. "పెదవికి ఆనిక ఉండదు. మా చిన్నాయన పీకించుకొని ఇప్పుడు తాళం కొడతాండాడు. నేనూ తాళమే కొడతా. ఆ తల్లి ముందర ఈ నోటితో నిలబడేదానికంటే అదే మేలు."

చౌడమ్మ అద్దం పెట్టి నోరంతా చూసింది. పళ్ళు పుచ్చలేదు గానీ కొంచెం కదులుతున్నాయి. చిగుళ్ళు ఉబ్బి, వంకాయ రంగుకు తిరిగి ఉన్నాయి. "అన్నా, పళ్ళు తోముకుంటావా?"

"తోమితే నెత్తురొస్తాదమ్మా. పొద్దున్నే గుడికి పొయ్యేవాణ్ణి కదా. నిలిపేసినా. ఉప్పునీళ్ళు పుక్కిలించి పోతా."

"రెండు పూటలా నెత్తిన నీళ్ళు పోసుకునే మనిషి!" పాపక్క బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఏడాది పొద్దు నాతో ఒక్క మాట చెప్పలేదే?"

"నీతో చెప్తే పుంగనూరంతా చెప్పినట్లే" అన్నాడాయన.

చౌడమ్మ నవ్వలేదు. శుద్ధి కోసం పోయి చేసుకున్న పొరపాటు అది. దాని వెనకున్న భక్తి ఆమెకు తెలియనిది కాదు.

"గుళ్ళో దీపం కుంది రోజూ తోముతారు కదన్నా, యాల? చమురు జిడ్డు గట్టిపడితే ఊడి రాదని. చిగురు అంచున కూడా పాచి అట్లే గట్టిపడి గారైతాది. దానికి చిగురు ఉబ్బి నెత్తురొస్తాది. లోపల ఎముక కరిగి పన్ను పట్టు తప్పుతాది. నువ్వు తోమినందుకు వచ్చిన నెత్తురు కాదు, తోమనందుకు ముదిరింది. ఇంక మీదట సాయంత్రం గుడి తలుపులు వేసినాక తోము. ఏం వచ్చినా తెల్లారేలోపల ఆగిపోతాది."

ఆయన తలెత్తి చూశాడు. తన భయాన్ని కొట్టిపారెయ్యకుండా దానికొక దారి చూపించిన మనిషి ఈమే.

"జాతరకు ఊదగలనా తల్లీ?"

"కింద ఒక పన్ను నిలవదు. తక్కినవి నిలుస్తాయనే నమ్మకం. నేను చెప్పేదాకా నాదస్వరం ముట్టొద్దు."

ఆ చలికాలమంతా వైద్యం సాగింది. ముందు గార తీసి, నిలవని ఆ ఒక్క కింది పన్నూ తీసేసింది. తర్వాత మత్తు సూది వేసి, చిగురు విప్పి, లోపల వేళ్ళ దాకా శుభ్రం చేసి కుట్లు వేసింది. పాపక్క రోజూ సాయంత్రం బ్రష్ చేతికిచ్చి ఎదుట నిలబడేది. చిగుళ్ళ ఉబ్బు దిగింది, నెత్తురు ఆగింది. పళ్ళ కదలిక మాత్రం కొంచెం మిగిలింది. వాటిని ఒకదానికొకటి ఆసరాగా ఉండేట్లు సన్నని తీగతో ముందు వైపు కట్టి, ఇక ఊదమంది చౌడమ్మ.

వారం తిరక్కుండా సుబ్బరాయుడు మళ్ళీ వచ్చాడు. పెదవి లోపల తీగ గీసుకొని తెగింది. తువ్వాలు మళ్ళీ ఎర్రబడింది. "నాకు తాళమే రాసిపెట్టి ఉండాదమ్మా. పీకెయ్" అన్నాడు.

చౌడమ్మ తెగిన పెదవిని చాలాసేపు చూసింది. "తప్పు నాదన్నా. నోరు చూసినానే గానీ నువ్వు ఊదేది చూడలేదు. రేపు నాదస్వరం తీసుకొని రా."

మరునాడు తీగ విప్పేసి ఊదమంది. కుర్చీలో కూర్చుని ఊదడానికి ఆయనకు మనసొప్పలేదు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, గోడ మీది అమ్మవారి పటానికి ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ఊదుతుంటే, చౌడమ్మ చిన్న బల్బు పట్టుకొని పెదవి ఎక్కడ మడత పడుతుందో, పంటికి ఎక్కడ ఆనుతుందో వంగి చూసింది. చూడగా చూడగా అర్థమైంది. ముందు వైపు వెంట్రుకవాసి ఎత్తు ఉన్నా పెదవికి ఇబ్బందే.

కింద సైకిల్ షాపు ముందర జనం చేరారు.

"ఎవురి పెండ్లప్పా పైన?"

"పళ్ళకీ చిగుళ్ళకీ అంట. పోయి అక్షింతలు వేసి రా."

తీగను ఈసారి నాలుక వైపు నుంచి కట్టింది. చెయ్యి ఆడే చోటు కాదది. మెడ లాగేసింది, నడుం పట్టేసింది. అయ్యాక మళ్ళీ ఊదించుకొని, పెదవి తాను కళ్ళారా చూసుకొని గానీ ఆయన్ను కదలనివ్వలేదు. బయట బెంచీ మీదున్న తంబళ్లపల్లె అవ్వ వింటూ కూర్చుని బస్సు పోగొట్టుకుంది. ఆ పూట ఆమె చౌడమ్మ ఇంట్లోనే సంగటి తింది.

వేసవి వచ్చింది. కుప్పం జాతర రోజున చౌడమ్మ సత్రంలో పని ముగించుకొని బయటికొచ్చేసరికి అమ్మవారి ఊరేగింపుతో వీధంతా జనం. పాపక్క ఎక్కణ్ణుంచో వచ్చి చెయ్యి పట్టుకొని, "జరగండప్పా, మా డాక్టరమ్మ" అంటూ మేళం ముందుకు లాక్కుపోయింది. సుబ్బరాయుడు కళ్ళు మూసుకొని ఊదుతున్నాడు. ఎండకు చెమట కారుతోంది. బుగ్గలు నిండిన ముఖంలో ఏమీ తెలియడం లేదు. చౌడమ్మ చేతులు జోడించి, అమ్మవారి వైపు సగం, ఆయన పెదవుల వైపు సగం చూస్తూ నిలబడింది.

అమ్మవారి ఊరేగింపు ఆగింది, మేళం ఆగింది. సుబ్బరాయుడు పీక తీసి భుజం మీది తెల్ల తువ్వాలుతో తుడిచాడు. చూశాడు. నమ్మకం చాలక ఎండకు తిప్పి చూశాడు. పాపక్కకు ఇచ్చాడు. ఆమె ఈ వైపూ ఆ వైపూ చూసి చౌడమ్మ చేతిలో పెట్టింది. తడి తప్ప తువ్వాలు మీద ఏమీ లేదు.

"తాళం కొట్టేదానికి ఎవురో మనిషి కావల్లంటాండారు. నువ్వు పోతావా?" అంది పాపక్క మొగుడితో. ఆయన అప్పటికే పీక నోట పెట్టుకున్నాడు.

తర్వాతి ఏళ్ళలో గంగవరం నుంచి, కుప్పం నుంచి మేళగాళ్ళు మదనపల్లె రావడం మామూలైంది. ఎవరు వచ్చినా చౌడమ్మ ముందు ఊది చూపించమనేది. పైన నాదస్వరం మొదలైతే, కింద సైకిల్ షాపాయన సుత్తి పక్కన పెట్టి, అది ముగిసేదాకా చేతులు తుడుచుకుంటూ నిలబడేవాడు.