మగ్గం గుంటలో తెల్ల పురుగులు

1961 నవంబరు 12, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. సమ్యేలు తాత తన గొలుసు గడియారం చూసి చెబితే నేనే నోటుబుక్కులో రాశాను కాబట్టి ఇందులో పొరపాటు లేదు. ఇన్నేళ్ల తర్వాత ఇవాళ పొద్దున పుదీనా కుండీని ఎండలోకి జరుపుతుంటే అడుగున తడిమట్టిలో నూలు పోగుల్లాంటి సన్నని తెల్ల పురుగులు మెదిలాయి. ఆ కుండీకి నేను గంజినీళ్లు పోస్తుంటాను. తడిమట్టీ పులిసిన గంజీ కలిసిన వాసన ముక్కుకు తగిలింది. కుండీని అక్కడే వదిలి లోపలికి వచ్చి, పెట్టె అడుగు నుంచి ఆ పాత నోటుబుక్కు తీశాను.

సమ్యేలు తాత మాకు చుట్టం కాదు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, వరంగల్ కాశిబుగ్గలో మా పక్కింట్లో అద్దెకు దిగిన మనిషి. భార్య చనిపోయింది, పిల్లలు లేరు. ముందుగదిలో కిటికీ అద్దాలతో, ఇనుప పట్టీలతో తనే చేసుకున్న గాజుతొట్టి ఒకటి ఉండేది. మద్రాసు నుంచి తోటి గార్డు ఒకాయన రైల్లో తెచ్చిచ్చిన ఏంజెల్ చేపలు రెండు అందులో తిరిగేవి. పళ్లెంలా పలచగా ఉండి, వెండి ఒంటి మీద నల్లచారలతో అవి కదులుతుంటే దీపం కదిలినట్టుండేది. ఆయన కోరిక ఒక్కటే. ఆ జంట గుడ్లు పెట్టాలి, పిల్లలు కావాలి. మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. ఎండుమేత తిన్న చేపలు గుడ్లు పెట్టవనీ, బతికున్న పురుగులు మేపాలనీ మద్రాసు వాళ్లు చెప్పారు. ఆ పురుగులే ఆ ఆదివారం ఒక పొగాకు డబ్బాలో, గుప్పెడు మట్టిలో వచ్చాయి.

"ఇవేంది తాతా, పోగుల లెక్కనే ఉన్నయి?" అన్నాను.

"పోగులే బిడ్డా. నువ్వు సాలెబిడ్డవు, పోగు తెగకుండ కాపాడుడు నీకు తెలువకపోతె మరి ఎవలకు తెలుస్తది? నా కండ్లు మసకైనయి. నువ్వు జూడు, నువ్వే రాయి."

నాకప్పుడు పదిహేడేళ్లు. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించారు. నాయిన నేస్తుంటే కండెలు చుట్టడం నా పని. చదువు పోయాక నా చేతికి పెన్సిలు ఇచ్చిన మొదటి మనిషి ఆయనే. పేజీకి మూడు గళ్లు గీయించాడు. మొదటి గడిలో టైం, రెండో గడిలో చేసిన పని, మూడో గడిలో కంటికి కనబడింది. ఒకరోజు మూడో గడిలో "పురుగులు సంతోషంగా ఉన్నాయి" అని రాశాను. ఆయన పడీపడీ నవ్వాడు. "అవి నీకు చెప్పినయా? ఏమనుకున్నవో రాయకు బిడ్డా, ఏం జూసినవో రాయి. బండి లేటైతే గార్డు లేటని రాస్తడు గని, ఇంజన్‌కు మనసు బాగలేదని రాస్తడా?"

మట్టికుండలో జల్లించిన మట్టి, పైన నానబెట్టి మెదిపిన అటుకులు ఒక చెంచాడు, దాని మీద గాజుపలక. రెండు రోజుల్లో పురుగులు మేత చుట్టూ చేరి గాజుకు అంటుకునేవి. వాటిని పక్షి ఈకతో నీళ్లలోకి దువ్వి, కడిగి, చేపలకు వేయాలి. మేత ఎక్కువైతే బూజు పడుతుంది, తక్కువైతే పురుగులు అడుక్కి పోతాయి. డిసెంబరులో నేను అటుకులకు బదులు మా ఇంటి గంజి వేసి చూశాను. పడుగు నూలుకు బిరుసు రావడానికి నాయిన కాచే బియ్యం గంజి అది. పన్నెండు రోజుల్లో ఒక కుండ పురుగులు మూడు కుండలకు సరిపోయాయి. తాత ఆ పేజీ కింద తన చేత్తో సంతకం పెట్టాడు. నా జీవితంలో నాకు దొరికిన మొదటి సంతకం అది.

ఎండాకాలం వచ్చేసరికి అసలు కష్టం మొదలైంది. ఆ పురుగులు చల్లదనంలో బతికేవి. వరంగల్ ఎండకు కుండలు వేడెక్కి, సగం పురుగులు చచ్చి మట్టి నీచువాసన కొట్టింది. మా ఇంట్లో అన్న మగ్గం ఖాళీగా ఉండేది. అన్న నేతపని విడిచి మిల్లులో చేరాడు. కాళ్లు దించి తొక్కుళ్లు తొక్కడానికి తవ్విన మగ్గం గుంట మా ఇల్లు మొత్తంలో చల్లని చోటు. కుండలు అక్కడ పెడదామంటే అమ్మ ఇంతెత్తున లేచింది.

"మగ్గం గుంటల పురుగులా? మొక్కే కాడ పురుగులు పెడ్తరా? ఆ ముసలాయనకు లేకపోతె నీకన్న సిగ్గుండాలె!"

నాయిన మగ్గం ఆపకుండానే అన్నాడు: "పట్టుపురుగు దారమిస్తె కండ్లకద్దుకుంటవు, ఇది చేపకు అన్నమైతె తప్పాయెనా? పెట్టుకోనీ. కొడుకు దిగని గుంటల పురుగులన్న దిగనీ."

కుండల చుట్టూ తడి ఇసుక పోసి, తడిగోనె కప్పి, రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లాను. మూడు కుండలూ ఎండాకాలం దాటాయి.

1962 జులై 22, ఆదివారం. తాత చర్చికి పోలేదు. పొద్దున ఏడుంబావుకు గోడ అవతలి నుంచి కేక వేశాడు. నేను వెళ్లేసరికి నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. గుడ్ల కోసం తొట్టిలో నిలబెట్టిన రాతిపలక మీద ముత్యపు పొడిలాగా గుడ్లు. "మూడేండ్లు బిడ్డా," అన్నాడు, అంతే. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక మూడుసార్లు లెక్కపెట్టి, మూడుసార్లూ ఒకటే వచ్చిన అంకె వేశాను: నూట పన్నెండు. అవి కాస్త పెరిగాక పురుగులను బ్లేడుతో ముక్కలు చేసి వేయసాగాం.

ఆ యేడు ముసురు వదల్లేదు. పడుగు మీద బూజు మచ్చలు పడుతున్నాయని నాయిన మొదటిసారి గంజిలో మైలుతుత్తం కలిపాడు. ఆ సంగతి నాకు తెలియదు. ఆగస్టు 16, గురువారం మధ్యాహ్నం ఎప్పటిలాగే మూడు కుండలకూ ఆ గంజి వేశాను. శుక్రవారం ఆ కుండల్లోని పురుగులనే ముక్కలు చేసి పిల్లలకు వేశాం. శనివారం పొద్దునకు నూట పన్నెండు పిల్లలూ చచ్చి తొట్టి అడుగున ఉన్నాయి. ఆ సాయంత్రం నాయిన అమ్మతో అంటుంటే విన్నాను: "ఆ గంజి కోళ్లకు పొయ్యకు. మైలుతుత్తముంది, ఇషం."

విన్నాను. తాతకు చెప్పలేదు. నోటుబుక్కులో గురువారం గడిలో "మేత వేశాను" అని మాత్రమే ఉంది. ఏ మేతో లేదు.

ఆయన ఆ నాలుగు రోజులూ కారణం వెతికాడు. బావినీళ్లను అనుమానించాడు, కొత్త ఇసుకను అనుమానించాడు, చివరికి తనను తానే తిట్టుకున్నాడు. "ముసలిచేతులు. ఎక్కడనో సబ్బు అంటిందేమో. పెద్దవాటినన్న మంచిగ మేపుదాం బిడ్డా, మల్ల పెడ్తయి," అని మందకొడిగా కదులుతున్న ఆ పురుగులనే మిగిలిన రెండు చేపలకూ దగ్గరుండి వేశాడు. నేను పక్కనే నిలబడి ఈక అందించాను. మంగళవారం మగది పోయింది. బుధవారం పొద్దున ఆడది.

బుధవారం సాయంత్రం ఐదున్నరకు వెళ్లి చెప్పాను. అంతా చెప్పాను, శనివారమే తెలుసన్నది కూడా. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననీ అనుకున్నాను.

"రాసినవా?" అన్నాడు.

"రాయలే తాతా."

"రాయి. బండి పట్టాలు తప్పితె గార్డు ముందుగాల టైం రాస్తడు. ఏడుపు ఎనుక." పెన్సిలు చెక్కి నా చేతికిచ్చాడు. రాసినంతసేపూ నా పక్కనే కూర్చున్నాడు. అయ్యాక చదివించుకుని, కింద సంతకం పెట్టాడు. అది రెండో సంతకం.

ఆయన మళ్లీ చేపలు తెప్పించలేదు. ఆ తొట్టిలో నా కండెలు పెట్టుకొమ్మన్నాడు. తర్వాత నేను ముప్పై ఒక్క ఏళ్లు చేనేత సంఘంలో నూలు స్టాకు రిజిస్టరు రాశాను. తడిసిన నూలు, ఎలుకలు కొట్టిన నూలు, నా పొరపాటుతో పోయిన నూలు అన్నీ ఏ రోజుకారోజు రాశాను. నాలుగు రోజులు ఆపిన పేజీ అందులో ఒక్కటీ లేదు. ఆ ఉద్యోగం వచ్చేసరికి మేం ఆ ఇల్లు మారిపోయాం. చేరిన రోజు ఆయనకు చెబుదామని వెళితే, ఆయన ఇంట్లో అప్పటికే వేరేవాళ్లు అద్దెకున్నారు.

ఆ బుధవారం రాసిన పేజీ ఇప్పుడు నా ముందుంది. పోయినవి: పురుగుల కుండలు, మూడు. చేపపిల్లలు, నూట పన్నెండు. ఇవి తెలియక వేసిన గంజి వల్ల. పెద్ద చేపలు, రెండు. ఇవి తెలిసీ చెప్పకపోవడం వల్ల.