పడటం నేర్పిన మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు నాకు బడిలో ఉండగా అందింది. ఒంటిపూట బడులు మొదలై కొన్నాళ్ళే అయింది. ఆఖరి గంట కొట్టాక పిల్లల్ని భోజనాలకు వరుసగా కూర్చోబెడుతున్నాను. మావారు ఫోన్ చేశారు. మాస్టారు పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారని చెప్పారు. మా పాప ఎక్కడుందని అడిగాను. పక్కింటి వాళ్ళ దగ్గర ఆడుకుంటోందట. ఆ తరవాత ఏం మాట్లాడానో గుర్తులేదు. పిల్లలందరికీ కోడిగుడ్డు అందిందో లేదో చూసి, చేతులు కడిగించి, ఇళ్ళకు పంపించాకే రోడ్డు మీదికొచ్చాను. పని సగంలో వదిలేసి వస్తే ఆయనకు నచ్చేది కాదు.

ఆయన మాకు చుట్టం కాదు, నాకు చదువు చెప్పిన గురువూ కాదు. చిలకలూరిపేటలో మేం అద్దెకుంటున్న ఇల్లు ఆయనది. పైన మేము, కింద వాళ్ళు. చుట్టుపక్కల హైస్కూళ్ళలో వ్యాయామం నేర్పి, ఎప్పుడో రిటైరయ్యారు. పేటలో సగం మందికి ఆయన 'డ్రిల్లు మాస్టారే'. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఆయన భార్యను పిన్నిగారూ అనేదాన్ని.

రిటైరయినా ఆయన గొంతు మాత్రం గ్రౌండ్‌లోనే ఉండిపోయింది. ఉప్పు డబ్బా అందించమని పిన్నిగారిని అడిగితే వీధి చివరి కిళ్ళీకొట్టుకు వినపడేది. పొద్దున్నే పెరుగన్నం, వేయించిన ఊరమిరపకాయలు. తెల్ల ప్యాంటు తన చేత్తో ఇస్త్రీ చేసుకోవాల్సిందే. బజారులో ఎవరి బూటు లేసు ఊడినా ఆపి మరీ కట్టించేవారు. ఒకసారి బ్యాంకుకు వెళ్తే అక్కడి మేనేజరు గబుక్కున లేచి నిలబడ్డాడట. ఆయనేమో, "ఏరా, పొట్ట పెంచావే" అని అందరి ముందే అనేసి వచ్చారు. ఎవర్నీ 'శభాష్' అని మెచ్చుకున్నట్టు నేను వినలేదు. ఎవరు ఏం సాధించి వచ్చి చెప్పినా, "ఇంకా ఉందిరా నీలో" అనేవారు. ఆ మాట కోసమే మీసాలు నెరిసిన పాత విద్యార్థులు స్వీట్లు పట్టుకొచ్చేవాళ్ళు.

నేను పేట నుంచి ఆటోలో వెళ్ళాల్సిన ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మావారు స్పిన్నింగ్ మిల్లులో షిఫ్టుల మీద పనిచేస్తారు. పాప పుట్టి, నా ప్రసూతి సెలవు అయిపోవస్తుంటే పిల్లనెక్కడ వదలాలా అని మేం కొట్టుమిట్టాడుతున్నాం. అప్పుడు పిన్నిగారే పైకొచ్చి, మధ్యలో ఉన్నవి మెట్లే కదమ్మా, పిల్లను నా దగ్గర దించి వెళ్ళు అన్నారు. అలా మొదలైంది మా దినచర్య. పొద్దున్నే ఒక చేత్తో క్యారేజీ సర్దటం, రెండో చేత్తో పాప నోట్లో ఇడ్లీ ముక్క పెట్టటం. అది ఊసేసిన ఇడ్లీ చీర మీద పడితే తడిగుడ్డతో తుడుచుకుని అదే చీరతో ఆటో ఎక్కటం. బడికి టైముకు చేరి ఫోన్‌లో హాజరు వేసుకునేదాకా గుండె దడే. కొన్నాళ్ళకు నాకు ఇల్లేదో బడేదో తెలియకుండా పోయింది. ఇంట్లో పాపను 'చేతులు కట్టుకో' అని గదమాయించేదాన్ని. బడిలో నాలుగో తరగతి వాడి ముక్కు నా కొంగుతో తుడిచేసి, వాడు సిగ్గుతో మెలికలు తిరుగుతుంటే అప్పుడు తెలివి తెచ్చుకునేదాన్ని.

మొదట్లో మాస్టారు పాప జోలికి వచ్చేవారు కాదు. ఇంత చిన్నవాళ్ళతో నాకు అలవాటు లేదని, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. పాప ఆ పేపరు లాగేది. ఆయన ఇంకో పేజీ తీసుకునేవారు.

పాపకు ఏడాది నిండింది. ఏడాదిన్నర కూడా దాటింది. నడక రాలేదు. గోడ పట్టుకుని నిలబడేది, గోడ వదిలితే కెవ్వుమనేది. గుంటూరు బ్రాడీపేటలో పిల్లల డాక్టరుకు చూపించాం. కాళ్ళూ నడుమూ అన్నీ పరీక్షించి, లోపమేమీ లేదు, కొందరికి ఆలస్యమవుతుంది, కొన్నాళ్ళు చూసి మళ్ళీ తీసుకురండి అన్నాడు. డాక్టరు మాట మాకు ధైర్యమిచ్చింది గాని చుట్టాలకు ఇవ్వలేదు. తల్లి పొద్దస్తమానం బడిలో ఉంటే పిల్లకు నడక ఎవరు నేర్పుతారని మా అత్తగారి వైపు వాళ్ళు అన్నారు. దర్శి నుంచి మా అమ్మ రోజూ ఫోన్ చేసి, జీతం లేని సెలవైనా పెట్టి పిల్లను తీసుకుని వచ్చెయ్యమనేది. అందరూ అంటుంటే నాకూ అదే నిజమనిపించింది. సెలవు పెట్టి దర్శి వెళ్ళిపోదామని నిర్ణయించుకున్నాను. మా బడిలో ఉన్నది ఇద్దరమే టీచర్లం. నేను వెళ్ళిపోతే ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేవాళ్ళుండరు. ఆ సంగతి తలుచుకోకుండా ఉండటానికి ప్రయత్నించాను.

ఒక సాయంత్రం కిందికి వెళ్ళి పిన్నిగారికి ఆ మాట చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా. మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"నువ్వు బడికెళ్ళటం వల్లే పిల్లకు నడక రాకపోతే, మిరపకోతలకెళ్ళే వాళ్ళ పిల్లలు ఒక్కళ్ళూ నడవకూడదమ్మా. వాళ్ళంతా పరిగెత్తుతున్నారు, చూళ్ళా?" అన్నారు. తరవాత కాసేపు పాప వంకే చూసి, "దీనికి నడక రాక కాదు, పడటం రాక. కబడ్డీ పిల్లలకి నేను మొదట నేర్పేది అదే. ఆదివారం దాకా ఆగు" అన్నారు.

అది పత్తి తీతలు జోరుగా సాగుతున్న కాలం. మాస్టారి చెల్లెలి కుటుంబం దగ్గర్లోని ఊళ్ళో వ్యవసాయం చేస్తుంది. తీసిన పత్తిని ధర వచ్చేదాకా వాళ్ళ ముందుగదిలో పోసి ఉంచారు. ఆదివారం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు మాస్టారు. తలుపు తీస్తే గది నిండా పత్తి, కిటికీ దాకా తెల్లగా. పచ్చి పత్తికి ఒక వాసన ఉంటుంది, ఎండా మట్టీ కలిసినట్టు. ఆయన కుప్ప మీద కాస్త జాగా చదును చేసి, తన మోకాళ్ళు నొప్పెడుతున్నా దాని మీద చతికిలబడి, పాపను ఎదురుగా నిలబెట్టారు. ఉన్నట్టుండి చేతులు వదిలేశారు.

పాప వెనక్కి పడింది. నేను కేకేసి ముందుకు దూకబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"కూర్చో. పిల్ల పడగానే నేల వంక చూడదు, నీ మొహం వంక చూస్తుంది. నువ్వు ఏడుపు మొహం పెడితే ఏడుస్తుంది. ముందు నీ మొహం సరిచేసుకో."

నిజంగానే అది నా వంకే చూస్తోంది. పత్తిలో నడుందాకా కూరుకుపోయి, పెదవి విరిచి, ఏడవాలా వద్దా అని నన్ను అడుగుతున్నట్టుగా. నేను ఎలాగో నవ్వాను. ఆ నవ్వు ఎంత అధ్వాన్నంగా ఉందో గాని, పాప పెదవి సర్దుకుంది. మాస్టారు తాను కూడా దబ్బున వెనక్కి పడి, "పడ్డా!" అన్నారు. అంత పెద్ద మనిషి అలా పడటం చూసి అది పకపకా నవ్వింది. ఆయన నిలబెట్టటం, అది పడటం. కాసేపటికి తనంతట తానే కావాలని పడసాగింది. పిన్నిగారూ, ఆయన చెల్లెలూ గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు. మావారి తల నిండా పత్తి పింజలు. దర్శి వెళ్ళాలన్న మాట ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

మర్నాడు ఒకటో తరగతిలో ఒక పిల్ల 'పలక'ను 'కలప' అని చదివి ఆగింది. ఆగి పుస్తకం వంక చూడలేదు, నా మొహం వంక చూసింది. ఇన్నేళ్ళుగా వాళ్ళు అలాగే చూస్తున్నారు కాబోలు, నేను గమనించలేదు. నవ్వి, మళ్ళీ చదవమన్నాను. చదివింది. టీచరు ట్రైనింగులో బోలెడు నేర్చుకున్నాను గాని, ఇవాళ్టికీ నా తరగతి నడుస్తున్నది పత్తి కుప్ప దగ్గర విన్న ఆ ఒక్క మాట మీద.

కొన్ని వారాలకు, ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి గేటు తీశాను. వరండాలో మాస్టారు పాపను పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే, "అక్కడే ఆగమ్మా, కదలొద్దు" అని అరిచి చేతులు వదిలేశారు. పాప ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. మధ్యలో చతికిలబడి, నా మొహం చూసి, లేచి, తూలుతూ వచ్చి నా చీర పట్టుకుంది. క్యారేజీ సంచి ఎక్కడ పడేశానో తెలియదు. పాపను ఎత్తుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. పిన్నిగారు పరుగున వచ్చి దిష్టి తీశారు. మాస్టారు మాత్రం, "ఇంకా ఉంది దీన్లో" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తరవాత పేపరు చదవటం మానేశారనే చెప్పాలి. పాప ముందు, ఆయన వెనక. గుండె బలహీనమైందని డాక్టరు మెట్లు ఎక్కొద్దంటే, పాపే కిందికి దిగటం నేర్చుకుంది. నేను సెలవు పెట్టలేదు. మా అమ్మ దర్శి నుంచి వచ్చి, మనవరాలి పరుగు చూసి, మాస్టారికి దణ్ణం పెట్టి వెళ్ళింది.

ఆయన పోయాక పదకొండో రోజు కార్యక్రమం ముగిసి, వచ్చినవాళ్ళంతా వెళ్ళాక, పిన్నిగారూ నేనూ గిన్నెలు సర్దుతున్నాం. ఆవిడ ఉన్నట్టుండి నవ్వి, నీకో సంగతి చెప్పాలమ్మా, ఆయన ఉండగా చెప్పనివ్వలేదు అన్నారు. పాప మొదట నడిచింది ఆ సాయంత్రం కాదట. ఆ మధ్యాహ్నమే, అన్నం తినిపిస్తుంటే, గోడ వదిలి నడిచి వెళ్ళిందట. ఆవిడ సంబరం పట్టలేక నాకు ఫోన్ చెయ్యబోతే ఆయన ఫోన్ లాక్కున్నారట.

"తల్లి పొద్దుటినుంచీ ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెప్పి వస్తది. సొంత పిల్ల మొదటి అడుగు ఆ తల్లే చూడాలి. మనం చూళ్ళేదు. అర్థమైందా, మనం చూళ్ళేదు" అన్నారట ఆయన. ఆ తరవాత సాయంత్రం దాకా పాపను నేల మీద దింపకుండా ఎత్తుకునే తిరిగారట, ఆ మోకాళ్ళతోనే.

మోసపోయానన్న బాధ నాకు రవ్వంతైనా కలగలేదు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డాను. నా కోసం ఒక మనిషి ఒక మధ్యాహ్నమంతా మోసిన బరువు అది. పిన్నిగారు నా వీపు నిమిరి, తన పనిలో పడ్డారు.

ఆయన్ని తలుచుకున్నప్పుడు నాకు కుర్చీలో ఒరిగిన తల గుర్తుకు రాదు. అంతకు కొన్నాళ్ళ ముందటి ఒక సాయంత్రం గుర్తొస్తుంది. మాస్టారూ పాపా గేటు దగ్గర అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఎండుమిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాల లారీలు ఒకదాని వెనక ఒకటి గుంటూరు వైపు వెళ్తున్నాయి. వీధంతా ఘాటు. మాస్టారికి పెద్ద తుమ్ము వచ్చింది, ఎదురింటి గడప మీద పడుకున్న కుక్క లేచి నిలబడేంత పెద్దది. పాప తుమ్మినప్పుడల్లా పిన్నిగారు తల నిమిరి 'చిరంజీవ' అని దీవించటం దానికి తెలుసు. అరుగు మీద లేచి నిలబడి, ఆయన బట్టతల మీద చిన్న చెయ్యి పెట్టి, "చిలంజీవ, తాతా" అంది. ఆయన నవ్వు ఆపుకోలేక మళ్ళీ తుమ్మారు. అది మళ్ళీ దీవించింది.