భుజం మీది నాలుగు వేళ్ళు

పందొమ్మిది వందల ఎనభై ఏడు, ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం; పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. సన్నని తుంపర. పటాలు కట్టే నా దుకాణం మెట్లెక్కిన నున్నటి మాస్టారు గొడుగును తన తలకు కాక, చంకలోని బొమ్మకు పట్టి ఉన్నారు. ఫోటో స్టూడియోలో ముప్పై ఏళ్ళుగా జనం ముఖాల మీది మచ్చలనూ గాట్లనూ సన్నని కుంచెతో మాయం చేస్తున్నందున ఆయనకా పేరు స్థిరపడింది.

"బొమ్మ మీద వేసే అట్ట అంచు ఎడమవైపు నాలుగున్నర అంగుళాలు రావాలి," అన్నారు.

"సగం బొమ్మ అట్ట కిందకు పోతుంది కదండీ!"

"పోనీయండి," అని నేలచూపులు చూశారు. ఆపైన, అడగకుండానే, సంగతి చెప్పారు.

వారి తాతగారు కుర్చీలో కూర్చున్న పాత ఫోటో ఒకటుంది. పక్కన ఉత్త గోడ. భుజం మీద మాత్రం నాలుగు వేళ్ళు. అదివరకు చుట్టాలు ముగ్గురికి మాస్టారు దాన్ని పెద్దదిగా, రంగుల్లో గీసి ఇచ్చినప్పుడు ఆ వేళ్ళను ఫోటోలోని దోషమనుకొని కండువా మడతగా దిద్దారు. ఈసారి తన ఇంటికే గీస్తూ ఉండగా పక్కనున్న అక్కగారు చెయ్యి పట్టుకున్నారట.

"అది మడత కాదురా, నాయనమ్మ చెయ్యి. ఆవిడ ఆసుపత్రిలో శవాలను కడిగేది. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని నాన్న నెగటివ్ మీద బ్లేడుతో గీకేశాడు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? మచ్చ కనబడితే చాలు, పూసెయ్యడమేగా నీ పని!"

అప్పుడు భూతద్దం పెట్టి చూశారు. వేలికొసలు నీళ్ళలో నాని ముడుతలు పడి ఉన్నాయి. వేళ్ళ వాలును బట్టి మోచేతినీ, మోచేతిని బట్టి ఆమె ఎత్తునూ అంచనా కట్టారు. ముఖం కోసం అక్కగారిని ఎదుట కూర్చోబెట్టుకున్నారు. పదిహేడు రోజులకు నాయనమ్మ తాతగారి పక్కన నిలిచింది.

కొడుకు పెళ్ళి కుదిరింది. కాబోయే వియ్యాలవారు ఆదివారం ఇంటికి వస్తున్నారు. నాయనమ్మను వాళ్ళకు చూపడానికి మాస్టారికి గుండె చాలలేదు. వద్దని చెప్పవలసినవాణ్ణి నేనూ చెప్పలేదు. అడిగిన కొలతకే అట్ట కోసి ఇచ్చాను.

సోమవారం ఉదయం ఆయన పటంతో మళ్ళీ వచ్చారు. వియ్యాలవారు బొమ్మను మెచ్చుకొనే వెళ్ళారట. వారు గుమ్మం దాటగానే అక్కగారు ఒక్క మాట అన్నారట: "నాన్న కంటే నువ్వే ఘనుడివి తమ్ముడూ. ఆయన చెరిపేశాడు. నువ్వు పిలిచి నిలబెట్టి మరీ ముఖాన తలుపేశావు."

"తిట్టిపోసినా బాగుండేదండీ," అన్నారు మాస్టారు. "ఆ తర్వాత ఎప్పటిలాగే అన్నం వడ్డించింది. ఆ అట్ట తీసెయ్యండి."

తీసేశాను. ఆ పని జరిగినంతసేపూ మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాము.

ఆ వారంలోనే మాస్టారు స్వయంగా వెళ్ళి వియ్యాలవారికి అంతా చెప్పారు. పెళ్ళి జరిగింది, పెళ్ళికూతురి పెదనాన్న మాత్రం రాలేదు. పాత పటాలు సరిదిద్ది ఇస్తానని ముగ్గురు చుట్టాలనూ అడిగితే ఒక్కరే ఇచ్చారు. అక్కగారు మూడేళ్ళకూ, మాస్టారు పందొమ్మిది వందల తొంభై ఆరులోనూ కాలం చేశారు. పటం వారి కోడలి ఇంటి ముందుగదిలో ఉన్నది.