వీరయ్య పంపిన తెల్లపువ్వు

మా మిరప రైతుల వాట్సాప్ గ్రూపులోంచి నేను వీరయ్యను తీసేసిన ఉదయం, సభ్యులంతా బొటనవేళ్లు ఎత్తి మెచ్చుకున్నారు. ఏనుగు మీద ఊరేగుతున్నట్టే అనిపించింది. కింద ఉన్నది గాడిదని తేలడానికి ఎంతోకాలం పట్టలేదు.

నాది పత్రికాఫీసు బల్ల దగ్గర ఉద్యోగం. రిటైరై బ్రాడీపేటలో ఊరికే కూర్చుంటే, మిరప వేసే మా బావమరిది సుబ్బారావు, "బావా, జీవితమంతా ఊళ్లోవాళ్ల రాతలు దిద్దావు, మా గ్రూపునీ దిద్దు" అని అడ్మిన్‌ని చేశాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త అడ్మిన్ పొద్దేమిటి, దేన్నీ ఎరగడు. వస్తూనే శాసనం వేశాను: గుడ్‌మార్నింగులు, పువ్వులు పెడితే బయటికే.

మార్టూరు అవతల నుంచి కొత్తగా చేరిన వీరయ్య రోజూ పొద్దున్నే ఓ తెల్లపువ్వు పెట్టేవాడు. రాత లేదు, మాట లేదు. ఫోన్ నిండిపోతుందని నేను ఫోటోలు డౌన్‌లోడ్ చేసుకోను. మసకగా పువ్వు కనిపిస్తే చాలు, ఒళ్లు మండేది.

"వీరయ్యగారూ, ఇక్కడ పువ్వులు నిషేధం" అని రాశాను. మర్నాడు రెండు పువ్వులు వచ్చాయి. తీసేశాను.

కొన్నాళ్లకు సుబ్బారావు ఫోన్ చేశాడు.

"బావా, ఆ వీరయ్య పువ్వు తెరిచి చూశావా?"

"పువ్వులో చూసేదేముందిరా?"

"లోపలంతా నల్ల తామరపురుగు, పూత రాల్చేసే పురుగు. అది మిరపపువ్వు బావా. మా చేలోనూ పడితే గుర్తొచ్చి, ఇప్పుడు తెరిచా. ఏం మందు కొట్టాలో చెప్పమని పెట్టాడు పాపం."

"మరి మీరెవరూ అప్పుడు చూడలేదా?"

"అడ్మినే పువ్వన్నాక, మేమూ పువ్వే అనుకున్నాం."

ఇద్దరం వీరయ్య కౌలు చేనికి వెళ్లాం. ఆయన పూతంతా రాలిపోయిన మిరప మొక్కలు పీకుతున్నాడు. నేనెవరో చెప్పాను.

"తీసేశారని తెలీదండి. నాకు చదువు రాదు" అన్నాడు, చేతులు దులుపుకుంటూ. "మీరేదో రాశారు గదా, పెద్దోళ్లు ఆలోచిస్తన్నారనుకున్నా. తర్వాత పోటో పోలేదు. సిగ్నల్ లేదేమోనని గట్టెక్కి కూడా పంపి చూశా."

సుబ్బారావు నా వంక చూడలేదు. ముందే తెలిస్తే చేను నిలిచేదా అని దారిలో అడిగాను. "ఏమో బావా" అన్నాడు.

అందువల్ల పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సాక్షాత్తూ వేంకటేశ్వరస్వామే గుడ్‌మార్నింగ్ పెట్టినా, ఫోటో డౌన్‌లోడ్ చేసుకుని, పెద్దది చేసి, పువ్వు లోపల చూడకుండా ఆయన్ను బయటికి పంపను.

వీరయ్యను ఆ గట్టు మీదే మళ్లీ గ్రూపులో చేర్చాను. ఇంతవరకు ఆయన నుంచి ఒక్క పువ్వూ రాలేదు.