పచ్చి ఫోటోలు ఉడికినాయి

నా ప్రాజెక్టు రిపోర్టు ఫైలును వైరస్ మింగేసింది. మిగిలిన ఒక్క ప్రింటును మా సారు తన రూము దాటనీయలేదు. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మా బావ ఆడికే వచ్చి, పేజీలన్నీ కెమెరాలో పట్టినాడు. ఈ రోజు తిరుపతిలో నెట్ సెంటరుకు తీసుకపోతే ఒక్క ఫోటో తెరుచుకోలేదు.

"ఇవి రా ఫోటోలప్పా, అంటే పచ్చివి. మామూలు ఫోటోలుగా మార్చినాకనే అక్షరాలు వర్డులోకి వస్తాయి" అన్నాడు సెంటరాయన. ఆ మాటే అమ్మకు ఫోన్లో చెప్పినాను.

సాయంత్రానికి రిపోర్టంతా వర్డులో దిద్దుకునేటట్టు వచ్చేసింది. ఇంగ్లీషు 'ఎల్' ఉన్న చోటల్లా ఒకటి అంకె పడింది, అంతే. ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "పచ్చివి ఉడికినాయా?"

"ఉడికినాయి మా. ఆడాడ మాడినాయి."

"మాడింది గీకేసుకో."

రేపంతా ఒకట్లు గీకాల. సాయానికి ఎవరొస్తారు? అన్నం మా ఇంట్లోనే. మాడనిదే పెడతాం.