ఐదు పెకీన్ మిరపకాయలు

నా చిన్నప్పుడు టెక్సాస్‌లో మేముండే ప్లేనో ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో అందరం కలిసేవాళ్ళం. పెద్దపిల్లలు గరాజ్‌లో పింగ్‌పాంగ్ బల్ల చుట్టూ చేరి తినేవారు. నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అందుకే పదకొండేళ్ళు వచ్చినా నాకు వంటింటి పక్కన పసిపిల్లల బల్లే దక్కేది.

డాక్టర్ ఆంటీ వాళ్ళమ్మాయి నాకన్నా రెండేళ్ళు పెద్ద. గరాజ్‌లోకి ఎవరు రావాలో తనే చెప్పేది. ఒక ఆదివారం నా ప్లేటులో పెరుగన్నం చూసి నవ్వింది. "నువ్వు ఆంధ్రా అమ్మాయివేనా? నెక్స్ట్ మంత్ ఫైవ్ పెకీన్స్ తిను. నో వాటర్. అప్పుడు గరాజ్‌లోకి రా, బేబీ."

పెకీన్ అంటే టెక్సాస్‌లో పెరిగే చిట్టి మిరపకాయ. చూస్తే ఎర్రపూసలా ఉంటుంది, కొరికితే చెవుల దాకా మండుతుంది. పక్కింటి మెక్సికన్ మామ్మ ఇచ్చిన మొక్క ఒకటి మా వెనక కంచె పక్కన గుబురుగా పెరిగింది. మర్నాటినుంచి స్కూల్ అయ్యాక ఆ కంచె చాటున నిలబడి సాధన మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక్కటి తిని గడ్డిమీద కూలబడ్డాను. అయినా మానలేదు. రెండోవారానికి రెండు, ఆ పై వారానికి మూడు. డైరీలో ఏ రోజుకారోజు అంకె మాత్రం వేసేదాన్ని. నాలుగోవారం ఐదుకి చేరాను. కళ్ళనీళ్ళు కారుతున్నా, ఏదో గెలుస్తున్నానన్న ఉత్సాహం ఒళ్ళంతా పాకేది. ఆ ఉత్సాహం కోసమే మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళేదాన్నని ఇప్పుడనిపిస్తుంది.

అప్పుడు మా అమ్మమ్మ గుంటూరునుంచి వచ్చి మాతో ఉంది. మామిడికాయలు దొరకవని పుల్లటి పచ్చ యాపిల్స్‌తో ఆవకాయ పెట్టింది. మూడోరోజు జాడీ తిరగ్గలిపి ఉప్పు చూడాలి. ఆ మూడోరోజు శనివారమైంది. అమ్మమ్మకి శనివారం ఒంటిపూట, రాత్రిదాకా ఏదీ నోట్లో వేసుకోదు. అందుకని ఉప్పు చూసే పని నాకిచ్చింది. ఆ ఇంట్లో నన్ను నమ్మి ఎవరైనా అప్పజెప్పిన మొదటి పని అదే.

రెండు గిన్నెల్లో కాస్త కాస్త తీసి నా ముందు పెట్టింది. నేను కంచె దగ్గరినుంచి అప్పుడే వచ్చాను. నాలుక మొద్దుబారి ఉంది. మొదటిది నాకాను, సరిపోయిందన్నాను. రెండోదీ సరిపోయిందన్నాను. నిజానికి నాకేమీ తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"రెండోది నిన్ను చూద్దామని విడిగా కలిపా, దాంట్లో అసలు ఉప్పే వెయ్యలేదే తల్లీ," అంది అమ్మమ్మ. "చెట్టుమీద కాయలు తగ్గిపోతుంటే పిట్టలనుకున్నా. నీ పెదాలు చూశాక తెలిసింది ఏ పిట్టో."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "కారం తినడం తప్పు కాదే. నేనూ తింటా. కానీ తిన్నదేమిటో తెలియనంత కారం ఎందుకు?" అని పెరుగన్నం కలిపి నా చేతికిచ్చింది. తర్వాత అమ్మ జాడీకి మూత పెట్టబోతుంటే ఆపింది. "ఉండవే. దాని నాలుక తిరిగి రానీ. రేపు అదే చూస్తుంది."

ఆ సాయంత్రం నేను మళ్ళీ కంచె దగ్గరికి వెళ్ళలేదు.

ఆదివారం పొద్దున్నే మళ్ళీ ఉప్పు చూశాను. కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించి, కొంచెం తక్కువైందన్నాను. అమ్మమ్మ తను రుచి చూడకుండానే గుప్పెడు ఉప్పు వేసి కలిపేసింది. తర్వాత వేడన్నంలో నెయ్యి వేసి, ఒకే ఒక్క పెకీన్ నలిపి ముద్ద పెట్టింది. నెలరోజులుగా తింటున్న కాయకి పొగవాసన, నిమ్మతొక్క వాసన ఉన్నాయని ఆ ముద్దతోనే తెలిసింది.

ఆ నెల అందరూ మా ఇంటికే వచ్చారు. గరాజ్‌లో డాక్టర్ ఆంటీ వాళ్ళమ్మాయి పేపర్ ప్లేటులో ఐదు కాయలు పేర్చి నా ముందుకు తోసింది. అందరూ చూస్తున్నారు. ఐదూ తినగలనని నాకు తెలుసు, తింటే గరాజ్ నాదేననీ తెలుసు. ఒకటి తీసుకుని మెల్లగా నమిలాను. మంట తగ్గేదాకా నిలబడ్డాను.

"పొగవాసన వస్తుంది. నిమ్మతొక్కలా కూడా ఉంటుంది," అన్నాను. గొంతు వణికింది. "నాకిది చాలు."

"చాలా? చికెన్!" అంటూ నన్ను పిరికిదాన్ని చేసి అందరూ ఒకటే నవ్వు. ఎలా తినాలో చూపిస్తానని డాక్టర్ ఆంటీ వాళ్ళమ్మాయి మిగిలిన నాలుగూ ఒక్కసారే నోట్లో వేసుకుంది. నిమిషం తిరక్కుండా కుళాయి దగ్గరికి పరిగెత్తి దోసిళ్ళతో నీళ్ళు తాగింది. మంట తగ్గకపోగా ఏడుపు తన్నుకొచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మమ్మనడిగి చిక్కటి మజ్జిగ తెచ్చిచ్చాను. పసిపిల్లల బల్ల దగ్గర తను నా పక్కనే కూర్చుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని తాగింది.

కాసేపటికి, "పొగా? రియల్లీ?" అని అడిగింది.

ఆ రోజు డైరీలో అంకె వెయ్యలేదు. ఆ రెండు వాసనల పేర్లు రాసుకున్నాను.

ఇప్పుడు నా అపార్ట్‌మెంట్ కిటికీలో పెకీన్ మొక్క ఉంది. రోజూ ఒక కాయ కోసుకుంటాను. ఆఫీసులో నలుగురి ముందు నా అభిప్రాయం అడిగితే గొంతు ఇప్పటికీ వణుకుతుంది. కానీ తెలియనప్పుడు తెలియలేదనే చెబుతాను. మళ్ళీ రేపు చూసి చెబుతానంటాను.